నవలలు చదివితే కడుపు నిండుతదా అని అడిగినోళ్లకు

పోస్టు పొడుగుంటది. డ్యూటీ మీద ఉన్నోళ్లు ఇప్పుడు చదవకుండ్రి. సాయంత్రం రూముకు వచ్చి, తానం చేసి, తిన్నంక చదువుండ్రి.

పోయిన శుక్రవారం నా దగ్గరున్న పుస్తకాలన్నీ మంచం మీద పరిచి ఫొటో తీసి పెట్టిన. పదకొండు పుస్తకాలు. నవలలు, జీవిత కథలు. ఎవరికన్న కావాలంటే తీస్కపోండ్రి అని రాసిన. దానికింద ఒక తమ్ముడు ఏమన్నడంటే, సూపర్‌వైజర్ సాబ్, నవలలు చదివితే కడుపు నిండుతదా, పైసలు ఎట్ల సంపాదించాల్నో చెప్పే పుస్తకాలు పెట్టు, పోరగాళ్లు బాగుపడతరు అన్నడు. దానికి నలభై మూడు లైకులు. ఇంకొకాయన, నాకంటె పెద్దాయన, అవి లెక్చరర్లు చదివేటియి, టెన్త్ చదివిన నీకెందుకయ్యా అన్నడు. ఇద్దరికీ ఇక్కడనే జవాబు చెప్త. కోపంతోని రాస్తలేను. కొంచెం ఉన్నది, లేదని అబద్ధం ఎందుకు చెప్పాలె.

కడుపు ముచ్చట ముందు చూద్దం. పుస్తకం కడుపు నింపదు. ఒప్పుకున్న. రూముల పండుకొని రాత్రి పన్నెండు దాక రీల్సు చూస్తం కదా, అవి నింపుతున్నయా? ఇద్దరు హీరోల అభిమానులం అని చెప్పి మెస్సుల గిన్నెలు విసురుకున్నం పోయిన సంక్రాంతికి, అప్పుడు కడుపు నిండిందా? వాటిని ఎవడూ లెక్క అడగడు. పుస్తకం ఒక్కటి చేతుల కనబడంగనే అందరికీ లెక్కలు యాదికొస్తయి.

పైసల పుస్తకాలు నేను చదవలేదనుకోకుండ్రి. మా క్యాంపుల అందరికంటె ఎక్కువ చేతులు మారింది 'రిచ్ డాడ్ పూర్ డాడ్' తెలుగు పుస్తకమే. రెండుసార్లు చదివిన. జేబులకు పైసలు తెచ్చేది ఆస్తి, జేబుల నుంచి పైసలు గుంజేది భారం అని చెప్తది. మంచి మాటనే. మరి వీసా కోసం ఊర్లె తెచ్చిన లక్షన్నర ఏ ఖాతాల రాయాలె? నూటికి మూడు రూపాయల మిత్తి అంటే నెలకు 4,500. కొత్తగ వచ్చిన హెల్పర్ జీతం 100 దినార్లు అనుకుందం. దినారుకు 220 రూపాయలు అనుకుంటే 22,000. తిండికి, ఫోనుకు, సబ్బు సర్ఫుకు 30 దినార్లు తీసెయ్యి. మిత్తి తీసెయ్యి. అసలుకు ఏం కట్టాలె, ఇంటికి ఏం పంపాలె? ఈ లెక్క ఆ పుస్తకంల లేదు. ఉండదు కూడ. ఎందుకంటె ఆ పుస్తకం మన అసుంటోని కోసం రాసింది కాదు. అది చదివినంక మన పోరగాళ్లకు మిగిలేది ఏందంటే, నా ఆలోచన సరిగ్గ లేదు కాబట్టే నేను గరీబోన్ని అన్న మాట. మా స్టీల్ ఫిక్సర్ పోరగాడు ఒకడు నిజంగ గట్లనే అన్నడు నాతోని. అన్నా, నా మైండ్‌సెట్ ఖరాబున్నదే అన్నడు. 47 డిగ్రీల ఎండల పదహారు ఎంఎం రాడ్లు మోసేటోడు, ఆరు నెలల నుంచి ఒక్కనాడు నాగా పెట్టనోడు!

ఆ పోరగానికి నేను ఇచ్చిన పుస్తకం 'మా నాయన బాలయ్య'. వై.బి. సత్యనారాయణ గారు ఇంగ్లీషుల రాస్తే పి. సత్యవతి గారు తెలుగు చేసిండ్రు. మన పాత కరీంనగర్ జిల్లా వంగపల్లి నుంచి మొదలైతది. మాదిగోళ్ల ఇల్లు. ఆయన ముత్తాత నరసయ్య మెత్తటి తోలు చెప్పులు చేసి నిజాం రాజుకు ఇస్తే, రాజు మెచ్చుకొని 50 ఎకరాల భూమి ఇచ్చిండు. అంటరానోనికి 50 ఎకరాలా అని ఊరి దొర దాంట్ల 2 ఎకరాలు ఉంచి 48 ఎకరాలు తీసుకున్నడు. ఇగ చెప్పుండ్రి, నరసయ్య మైండ్‌సెట్ల ఏం లోపం ఉండె? ఆస్తికి, భారానికి తేడా తెల్వకనా 48 ఎకరాలు పోయినయ్?

ఆ ఇంటోళ్లు ఊరిడిచి రైల్వే పనిల పడ్డరు. బాలయ్య చిన్న నౌకరి చేసుకుంట, ఒక స్టేషన్ నుంచి ఇంకో స్టేషన్‌కు తిరుగుకుంట పిల్లలను చదివించిండు. పుస్తకం రాసిన కొడుకు కాలేజీ ప్రిన్సిపాల్ దాక పోయిండు. నాకు ఆ పుస్తకంల బాగ నచ్చింది ఏందంటే, ఊరిడిచి పోవుడు అన్నదానికి ఒక వంశం ఉన్నదని తెలిసింది. మన తాతలు బొంబాయి, భీవండి, సూరత్ పోయిండ్రు, మన నాయనలు దుబాయ్, మస్కట్ పోయిండ్రు. మనమేదో చేతగాక ఊరు ఇడిసినం అన్నట్టు ఊర్లె మాట్లాడతరు కదా, ఊర్లె ఉంటే ఏమైతుండెనో ఆ పుస్తకం చెప్తది. మైండ్‌సెట్ అన్న తమ్ముడు దాన్ని పదిహేను రోజులు చదివిండు. చదివి నాతోని ఏం చెప్పలే. కాని వాళ్ల తాత పేరు ఏంది, తాతకు ఎంత భూమి ఉండె, అది ఎట్ల పోయింది అని ఇంటికి ఫోన్ చేసి అడుగుతుంటే నేను విన్న.

ఇగ రెండో ఆయన మాట. లెక్చరర్లు చదివేటియి అన్నడు. అన్నా, నీ వయసుకు మర్యాద ఇచ్చి అడుగుత, ఇవి రాసినోళ్లు ఎవలో నీకు ఎరుకేనా?

వట్టికోట ఆళ్వారుస్వామి 'ప్రజల మనిషి' రాసిండు. నిజాం కాలంల తెలంగాణ పల్లె ఎట్లుండె, దొర ఎట్లుండె, ఎదురు తిరిగినోడు ఎట్ల తయారైండు అన్నది ఆ నవల. ఆయన చిన్నప్పుడు పంతులు ఇంట్ల వంట చేసి పెట్టి చదువు నేర్చుకున్నడు. హోటల్ల పని చేసిండు. జైలుకు పోయిండు. 1938ల దేశోద్ధారక గ్రంథమాల పెట్టి పుస్తకాలు అచ్చేసి, తానే మోసుకుంట ఊరూరు తిరిగి అమ్మిండు. ఆయనను మన మెస్సుల నిలబెడితే లెక్చరర్ అనుకోరు ఎవరూ, గరిటె చేతికిచ్చి పప్పు కలుపుమంటరు.

గోర్కీ 'అమ్మ' పేరు మీరు విన్నరు. ఆయన సొంత కథ 'నా బాల్యం' నుంచి మూడు పుస్తకాలుగ ఉన్నది. పదేండ్లు దాటంగనే ఇంట్లకెళ్లి బయటపడి ఓల్గా నది మీద స్టీమరుల గిన్నెలు కడిగిండు. ఆయనకు పుస్తకం రుచి చూపెట్టింది ఎవరు? బడి పంతులు కాదు, ఆ స్టీమరుల వంటాయన. స్మూరీ అని పేరు. పని మధ్యల పిలిచి కూసుండబెట్టి చదివి వినిపియ్యమంటుండె. కథల ఏడుపు వస్తే ఆ వంటాయన ఏడుస్తుండె.

మనోరంజన్ బ్యాపారి అని బెంగాలీ ఆయన. కాందిశీకుల క్యాంపుల పెరిగిండు. బడికి పోలేదు. అక్షరాలు జైల్ల నేర్చుకున్నడు. బయటికి వచ్చి కలకత్తల రిక్షా తొక్కిండు. రిక్షాల కూసున్న ఒక పెద్దామెను, అమ్మా, జిజీవిష అంటే ఏందని అడిగిండు. చదువుతున్న పుస్తకంల ఆ మాట అర్థం కాలేదు. బతకాలనే కోరిక అని ఆమె చెప్పి, నువ్వు ఇది ఏడ చూసినవ్ అని అడిగింది. ఆమె మహాశ్వేతాదేవి. మా పత్రికకు నీ బతుకు రాయి అన్నది. ఆయన సొంత కథ ఇంగ్లీషుల వస్తే, డ్రాయింగ్ చదివే మటుకు వచ్చిన నా ఇంగ్లీషుతోని, డిక్షనరీ పక్కన పెట్టుకొని, నాలుగు నెలలు పట్టింది నాకు. ఆయన రాసినంక కూడ ఏండ్ల తరబడి బడిల వంట మనిషిగనే పని చేసిండు. తర్వాత 2021ల ఎమ్మెల్యే అయిండు, అది వేరే కథ.

ఇంట్ల పని చేసేటామె కూడ రాసింది. బేబీ హాల్దార్. పన్నెండేండ్లకే పెండ్లి, తన్నులు, ముగ్గురు పిల్లలను తీసుకొని రైలెక్కి ఢిల్లీ దిక్కు వచ్చి గుర్గావ్‌ల పాచి పని. ఆమె పని చేసిన ఇంటాయన ప్రేమ్‌చంద్ మనుమడు. అల్మారా తుడుచుకుంట పుస్తకాల కాడ ఆగి ఆగి చూస్తున్నదని కనిపెట్టి, చదువుమని పుస్తకం, రాయమని నోటుబుక్కు ఇచ్చిండు. అదే 'ఆలో ఆంధారి'. నేను హిందీల చదివిన. కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి కువైట్‌కు, ఇక్కడికి ఇంటి పనికి వచ్చిన అక్కలు, చెల్లెళ్లు ఈ గ్రూపుల కూడ ఉన్నరు. మీకు నేను ఒక్కటంటే ఒక్క పుస్తకం చెప్పాలంటే అదే చెప్త.

వంటాయన, రిక్షా ఆయన, పాచి పనామె. వీళ్లల లెక్చరర్ ఏడున్నడన్నా?

ఇప్పుడు అసలు పుస్తకానికి వస్త. 'మేక బతుకు'. బెన్యామిన్ మలయాళంల రాసిన 'ఆడుజీవితం'కు తెలుగు. మూల పుస్తకం 2008ల వచ్చింది. 2024ల సినిమా వచ్చినంక మీరందరు ఫోన్లల చూసిండ్రు, సినిమా చూసినం కదా ఇగ పుస్తకం ఎందుకంటరు. సినిమా మంచిగనే ఉన్నది. కాని దాదాపు మూడు గంటలల ఎడారి కనబడ్డంత, మనిషి లోపల నడిచేది కనబడదు.

నజీబు ఊర్లె నది ఇసుక తీసే కూలి. భార్య కడుపుతోని ఉన్నది. వీసా దొరికిందని రియాద్ విమానం దిగుతడు. ఎవడో వచ్చి బండిల ఎక్కించుకొని పోయి ఎడారిల మేకల మందల పడేస్తడు. మూడేండ్లకు పైన. నీళ్లు తాగడానికే కరువు, కడుక్కునుడు అన్న మాటే లేదు. చివరకు జైల్ల గుర్తుపట్టే రోజు అర్బాబ్ వచ్చి ముందల నిలబడ్డంక ఏమైతదో నేను చెప్పను, మీరే చదవాలె.

కాని ఒక్కటి చెప్త. ఆ మందల ఉండుకుంట నజీబు ఇంటికి ఉత్తరాలు రాసుకుంటడు. పోస్టు చేసే దిక్కు లేదు, అయినా రాసుకుంటడు. ఏమని? నేను బాగున్న, తిండి బాగున్నది, సుఖంగ ఉన్న అని! కాళ్లకింద పెంట, ఒంటి మీద మేక వాసన, ఉత్తరం మాత్రం గట్ల.

పోయిన ఎండకాలం నేను ఇది సైటుల చదివి వినిపించిన. మీకు ఎరుకే, ఎండకాలం మధ్యాహ్నం 12 నుంచి 4 దాక బయట పని బంద్ పెట్టాలని బహ్రెయిన్ల కాయిదా. మా సైటు దూరం, రూముకు తోలరు, షెడ్డులనే కూసుంటం. పండుకునేటోళ్లు పండుకుంటరు. షట్టరింగ్ వాళ్లు, స్టీల్ వాళ్లు ఆరేడుగురు నా చుట్టు చేరి చదువన్నా అంటరు. ఆ ఉత్తరాల కాడికి వచ్చేసరికి ఒక తమ్ముడు లేచి బయట ఎండలకు పోయిండు. నేను ఫోను మాట్లాడుతున్నడు కావచ్చు అనుకున్న.

సంగతి ఏందంటే ఆ తమ్ముని జీతం 110 దినార్లు. ఇంట్ల చెప్పింది 180. వీడియో కాల్ చేస్తే పై బంకు కనబడకుండ, కొత్త ఏసీ వెనుక పడేటట్టు కూసుంటడు. ఖుబ్బూసు, పప్పు తినుకుంట కోడికూర అని చెప్తడు. ఇది వాడొక్కడే చేస్తున్నడా? మీరు చేస్తలేరా? కాని అక్కడ వాళ్ల నాయన 180 లెక్క పెట్టుకొని ఇల్లు మొదలుపెట్టిండు. బేస్‌మెంట్ లేచింది. స్లాబుకు ఇంకో నాలుగు లక్షలు మిత్తికి తెచ్చే ముచ్చట నడుస్తున్నది. కాయిదం రాసుకునుడే తరువాయి.

మూడు రోజులకు తమ్ముడు ఇంటికి ఫోన్ చేసి అసలు జీతం చెప్పిండు. నాయన రెండు రోజులు మాట్లాడలే. ఆ నాలుగు లక్షలు తేలేదు. ఇల్లు బేస్‌మెంట్ కాడనే ఆగింది. ఊర్లె ఇజ్జత్ పోయిందని ఆ తమ్ముడు నా మీద ఇప్పటికీ సగం కోపంగనే ఉన్నడు. ఉండనీ. నాలుగు లక్షలకు మూడు రూపాయల మిత్తి నెలకు 12,000. అంటే వాని జీతంల సగం. కడుపు నిండుతదా అని అడిగిన తమ్ముడూ, ఈ 12,000 ఎవరి కడుపుల నుంచి పోతుండెనో నువ్వే లెక్క గట్టు.

'మేక బతుకు' గురించి ఇంకో ముచ్చట మనోళ్లకు చాలమందికి తెల్వదు. బెన్యామిన్ 1992 నుంచి 2013 దాక ఇదే బహ్రెయిన్ల నౌకరి చేసిండు. ఆ పుస్తకం ఇక్కడ ఉండుకుంటనే రాసిండు. నజీబు కథ కల్పించింది కాదు. ఆ మనిషి కేరళకు పోయి, మళ్ల పొట్ట కోసం గల్ఫ్‌కు వచ్చి, బహ్రెయిన్ల పని చేసుకుంటుంటే, దోస్తు ద్వారా తెలిసి బెన్యామిన్ పోయి కలిసి, మాట్లాడిపిచ్చి, విని రాసిండు. బాబ్ అల్ బహ్రెయిన్ కాడ శుక్రవారం వేలమంది తిరుగుతం కదా, అట్ల మన మధ్యల తిరిగే ఒక మామూలు మనిషి కడుపుల ఆ కథ ఉండె. అడిగేటోడు దొరికిండు కాబట్టి బయటికి వచ్చింది.

మలయాళీలు మనకంటె తెలివిగల్లోళ్లు అని నేను ఒప్పుకోను. మా సైటుల వాళ్లు మనం ఒకటే స్కఫోల్డింగ్ ఎక్కుతం, ఒకటే బస్సుల పోతం. కాని వాళ్ల కేరళీయ సమాజం 1947ల పెట్టుకున్నరు, దాంట్ల లైబ్రరీ ఉన్నది. మా ప్లంబర్ ఒకాయన సిమెంటు చేతులతోనే పోయి పుస్తకం మార్చుకొని వస్తడు. మనం బతుకమ్మ చేస్తం, ఉగాది చేస్తం, క్రికెట్ టోర్నమెంటు పెడతం, ఊర్ల నుంచి సింగర్లను పిలిపిస్తం. చెయ్యాలె, నేను వద్దంటలేను. ఆ ఖర్చుల టెంటు కిరాయి మందం పెట్టి ఒక అల్మారా కొనలేమా అని మూడేండ్ల నుంచి అడుగుతున్న. మీటింగుల అందరు తలకాయ ఊపుతరు. తర్వాత కప్పుల సైజు గురించి మాట్లాడుతరు.

ఊర్లె ఉన్న రచయితల మీద కూడ నాకు ఒక మాట ఉన్నది. గల్ఫ్ కన్నీళ్లు, ఎడారి గోస అని హైదరాబాదుల సభలు పెడతరు, మంచిదే. మనల్ని చూసి ఏడ్చుడు అలవాటైంది వాళ్లకు. మనం ఏడ్చుడు ఒక్కటే చేస్తమా ఇక్కడ? నవ్వుతం, దొంగతనంగ వండుకుంటం, ఫోర్‌మన్‌ను ఏడిపిస్తం, పాకిస్తానీ దోస్తు చెల్లె పెండ్లికి చందా వేస్తం. అవి ఎవరు రాయాలె? సిరిసిల్ల దిక్కు పెద్దింటి అశోక్ కుమార్ గారు 'ఎడారి మంటలు' నవల రాసిండు, ఆయన బడి పంతులు, మన ఊర్ల నొప్పి దగ్గరి నుంచి చూసినోడు కాబట్టి రాసిండు. ఆయనదే 'జిగిరి' ఉన్నది, ఎలుగుబంటిని ఆడించి బతికే ఇంటి కథ, కన్నబిడ్డ లెక్క సాదిన ఎలుగు ఒకదిక్కు, భూమి ఆశ ఒకదిక్కు. రెండూ చదువుండ్రి. కాని పై బంకు మీద పండుకున్నోని మాట పై బంకు మీద పండుకున్నోడే రాయాలె. ఊర్లె పంతులు ఎంతకని రాస్తడు?

ఎక్సెల్ నేర్చుకోకుండ్రి, ఇంగ్లీషు నేర్చుకోకుండ్రి అని నేను అన్ననా? నేర్చుకోండ్రి. నేను హెల్పర్‌గ వచ్చి డ్రాయింగ్ చదువుడు నేర్చుకున్నంకనే ఈ పసుపు టోపీ పోయి తెల్ల టోపీ వచ్చింది. కాంక్రీటు ఎన్ని క్యూబిక్ మీటర్లు పడతదో లెక్క తెల్వాలె. రాత్రి పన్నెండింటికి పోరగాడు లైటు బంద్ చేసుకొని గోడ దిక్కు మొఖం పెట్టుకొని ఎందుకు పండుకున్నడో అది కూడ తెల్వాలె. నా కింద నలభై మంది పని చేస్తరు. రెండోది నాకు డ్రాయింగులు చెప్పలేదు.

ఇగ పుస్తకాల సంగతి. పదకొండుల ఇప్పుడు ఆరు బయట తిరుగుతున్నయ్. 'మేక బతుకు' హిద్ క్యాంపుల ఉన్నది, దాని కోసం ముందే ఇద్దరు అడిగిండ్రు. 'మా నాయన బాలయ్య' సల్మాబాద్‌ల, వచ్చే శుక్రవారం వాపస్ వస్తది. 'ప్రజల మనిషి', గోర్కీ నా దగ్గరనే ఉన్నయ్, రాత్రి ఎనిమిది దాటినంక రూముకు వచ్చి తీస్కపోవచ్చు. సీపీఆర్ కార్డు గిట్ల ఏం అడగను, పేరు, క్యాంపు నంబరు నోటుబుక్కుల రాసి పోతే చాలు. చదువుడు రానోళ్లు ఉంటే సిగ్గు పడకుండ్రి, శుక్రవారం పొద్దున మా మెస్సుల నేను చదువుత, ఉల్లిగడ్డలు కోసుకుంట వినుండ్రి. ఇండియా పోయి వచ్చేటోళ్లు పచ్చళ్ల డబ్బాలతోని ఒక్క పుస్తకం తెచ్చినా పెద్ద బరువు ఉండదు, పైసలు నేనిస్త.

పేజీల మూలలు మడవకుండ్రి. సాలన్ చేతులతోని ముట్టకుండ్రి. 'జిగిరి' పోయిన రంజాన్ నుంచి కనబడతలేదు. ఎవరి దగ్గర ఉన్నదో వాళ్లకు ఎరుకే, నాకు కూడ ఎరుకే. తెచ్చి పెట్టుండ్రి.